తెలుగు అక్షరాలు గీస్తూ బతకొచ్చా?

ప్రశ్న: మాసబ్ ట్యాంక్‌లో బీఎఫ్ఏ అప్లయిడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది వనస్థలిపురం. తెలుగు అక్షరాలు గీయడమంటే నాకు ప్రాణం. ఒక తెలుగు ఫాంట్ తయారు చేయాలని ఏడాదిగా కూర్చుంటున్నాను, సగం గుణింతాలు కూడా పూర్తి కాలేదు. నా స్నేహితులు రీల్స్ పెట్టి వేలమంది ఫాలోవర్లను తెచ్చుకున్నారు. ఆర్డర్లు కూడా వస్తున్నాయి. నాన్న యూఐ డిజైన్ (యాప్‌ల తెరలు, బటన్ల రూపకల్పన) నేర్చుకుని ఉద్యోగం చూసుకోమంటున్నారు. పదికాలాల పాటు నిలిచే పని ఒక్కటైనా చేయాలని నా కోరిక. ఇది పిచ్చి ఆలోచనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: పిచ్చి ఆలోచన కాదమ్మా. ముందు మీరు వేసుకున్న లెక్క చూద్దాం. ఏడాదికి సగం గుణింతాలే అయ్యాయని బాధపడుతున్నారు. ఇంగ్లిష్ ఫాంట్ గీసేవాళ్లు చిన్నబడి, పెద్దబడి కలిపి 52 అక్షరాలు, ఆపైన అంకెలు, గుర్తులు గీస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే. మనకు ప్రతి హల్లుకూ గుణింతం ఉంది, ఒత్తు ఉంది. గుడి, కొమ్ము, ఏత్వం ఒక్కో అక్షరానికి ఒక్కోలా అతుక్కుంటాయి. అన్నీ కలిపితే వందల ఆకారాలు అవుతాయి. ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో ఒకే అక్షరానికి రెండు ఒత్తులు చేరతాయి. పై వరుసలోని ఒత్తు దిగివచ్చి కింది వరుసలోని గుడిని గుద్దుకోకూడదు. అలాగని వరుసల మధ్య చోటు పెంచేస్తే పుస్తకం పేజీలు పెరుగుతాయి, ప్రచురణకర్త ఆ ఫాంట్ వద్దంటాడు. ఇన్ని చిక్కులున్న పనిని ఒక్కరే, చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో చేస్తే, పేజీలకు పేజీలు హాయిగా చదివించే ఫాంట్‌కు రెండు మూడేళ్లు పట్టడం మామూలే. మీరేమీ వెనకబడలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే విషయం. నిలిచే పని చేయాలన్నారు, ఫాంట్ చేయాలన్నారు. ఆ ఫాంట్ ఎవరు చదవడానికో మాత్రం మీ ఉత్తరంలో లేదు. కాలపరీక్షకు నిలిచిన పనుల వెనక ఎవరికో ఒకరికి తీరని అవసరం కనిపిస్తుంది. మన ఊరిలోనే చూడండి. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒకరు రాసిన మాటకు ఆయన వాదనతో సరిపెట్టలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆ సంచిక అప్పుడు అచ్చు కాకపోతే, అందులోని ఎంతోమంది పేర్లు ఈరోజు మనకు తెలిసేవి కావు. ఆ రోజుల్లోనే ఆయన రెడ్డి హాస్టల్ బాధ్యతలు కూడా చూసుకునేవారు, మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో వచ్చింది. ఆయన 1953లోనే పోయారు. ఆ పురస్కారం కోసమైతే ఆయన రాయలేదు కదా.

కాబట్టి మీరు ఒక మనిషిని ఎంచుకోండి. ఒకటో తరగతి పిల్ల కావచ్చు. ‘మ’కూ ‘య’కూ, ‘ప’కూ ‘వ’కూ తేడా కనిపెట్టడానికి ఆ పిల్ల ఎంత తంటాలు పడుతుందో ఏ బడిలో కూర్చున్నా తెలుస్తుంది. చత్వారం వచ్చిన అమ్మమ్మ కావచ్చు. చిన్న ఫోన్లో వార్తలు చదువుకునే ఆటోడ్రైవర్ కావచ్చు. పిల్లకు కావాల్సిన అక్షరం వేరు, అమ్మమ్మకు కావాల్సింది వేరు. ఎవరో తేలిపోతే గీత మందం ఎంతుండాలి, తలకట్టు అక్షరానికి ఎంత ఎడంగా ఉండాలి, ఒత్తు ఎంత పెద్దదిగా వేయాలి అన్న ప్రశ్నలకు జవాబులు వాటంతటవే దొరుకుతాయి. అది తేలక చెరిపి మళ్లీ గీస్తూ ఉండటం వల్లే ఈ ఏడాది మీకు భారంగా గడిచిందని నా అనుమానం.

గీసిన వాటిని వాళ్లతోనే చదివించండి. ఏ అక్షరం దగ్గర తడబడ్డారో రాసుకోండి. కాలేజీలో ఎవరూ నేర్పని పాఠం అది. తర్వాత చిక్కడపల్లిలో ఏదైనా డీటీపీ సెంటర్‌కు వెళ్లి ఒక పూట కూర్చోండి. చాలాచోట్ల ఇప్పటికీ పాతకాలపు అను ఫాంట్లతో, పేజీలు కట్టే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనే పని నడుస్తుంటుంది. అందులో కొట్టిన మేటర్‌ను ఫోన్లోకి తేవాలంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చేటప్పుడు తప్పులు దొర్లుతాయి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి. డీటీపీ ఆపరేటర్లు కొత్త ఫాంట్లను ఎందుకు పక్కన పెడతారో వాళ్ల నోటే వినండి. మీ ఫాంట్ ఎంత అందంగా ఉన్నా రోజూ పేజీలు కట్టేవాళ్లు దాన్ని వాడకపోతే అది మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఛత్తా బజార్‌కు కూడా వెళ్లండి. పెళ్లికార్డులు అచ్చువేసే ఆ వీధిలో ఉర్దూ అక్షరాన్ని చేత్తో రాసేవాళ్లు, కంప్యూటర్ మీద అమర్చేవాళ్లు పక్కపక్కనే ఉన్నారు. చేతిరాత తెరమీదకు వచ్చేటప్పుడు ఏది మిగులుతుందో, ఏది పోతుందో అక్కడ బాగా అర్థమవుతుంది.

ఇక జీవనం సంగతి. మీ నాన్నగారి మాటను అడ్డంకి అనుకోకండి. యూఐ ఉద్యోగం మీకు పనికొస్తుంది. తెలుగులో నడిచే యాప్‌లలో బటన్ మీద మాట పట్టకపోవడం, ఒత్తులు తెగిపోవడం రోజూ చూస్తారు. ఆ బాధ లోపలి నుంచి తెలిసిన మనిషి గీసే ఫాంట్ వేరుగా ఉంటుంది. బాపు గారి రాతను ఇవాళ ఫాంట్లుగా వాడుకుంటున్నామంటే, ఆయన పత్రికలకు, పుస్తకాలకు దశాబ్దాల పాటు గడువులోపు బొమ్మలు వేసి ఇచ్చిన మనిషి అని కూడా గుర్తుంచుకోవాలి. నా సలహా ఇది: డిగ్రీ కాగానే ఉద్యోగంలో చేరండి, కానీ ఫాంట్ పనికి వారంలో కొన్ని గంటలు కేటాయించి, ఆ గంటల్లో బయటి ఆర్డరు ఏదీ ఒప్పుకోకండి. పెళ్లికార్డో లోగోనో వస్తే వేరే రోజు చేయండి. ఆ గంటలు ఎప్పుడో మీ నాన్నగారికి ముందే చెప్పేస్తే ఇంట్లో గొడవ కూడా తగ్గుతుంది.

ఉద్యోగంలో చేరేముందు ఒప్పందం పూర్తిగా చదవండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు మామూలుగా యజమానిదే, వేరేగా రాసుకుంటే తప్ప. మీ సొంత ఫాంట్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు సమయంలో ముట్టుకోకండి. కొన్ని కంపెనీలు బయట చేసే పని మీద కూడా హక్కు అడుగుతాయి. అలాంటి షరతు కనిపిస్తే చేరకముందే ఉత్తరం రాసి మినహాయింపు తీసుకోండి.

రీల్స్ గురించి ఎక్కువ చెప్పను. పెట్టాలనిపిస్తే పెట్టండి. వాటి లెక్కను మాత్రం ఫాంట్ లెక్కతో కలపకండి.

పై చదువు కావాలనుకుంటే డిజైన్ పీజీ కోర్సుల్లో ప్రవేశానికి సీడ్ పరీక్ష ఉంది. జనవరిలో జరుగుతుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు, వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. దాని ద్వారా సంగారెడ్డి దగ్గర మన ఐఐటీలోను, ఐఐటీ బాంబేలోని ఐడీసీ అనే డిజైన్ విభాగంలోను ఎం.డిజైన్‌లో చేరవచ్చు. భారతీయ లిపుల మీద లోతుగా పనిచేసిన చోటు ఐడీసీ. ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీలో ఫాంట్ డిజైన్‌కే ప్రత్యేకంగా ఎంఏ ఉంది కానీ ఖర్చు చాలా ఎక్కువ. అప్పు చేసి ఇప్పుడే వెళ్లమని నేను చెప్పను. ఫాంట్లు తయారు చేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దానితో మొదలుపెట్టొచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సురన్న, రామభద్ర, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. దించుకుని తెరిచి, ఒత్తులను ఎలా అమర్చారో చూసి నేర్చుకోండి.

మరొక్క మాట. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని ఒక మహాయజ్ఞంలా తలకెత్తుకున్నారు. అది పూర్తికాకుండానే 1923లో పోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని మళ్లీ చేపట్టారు. ఇంకొకరు అందుకోగలిగేలా పని ఉండాలంటే మొదటి నుంచీ సర్దిపెట్టుకోవాలి. మీ ఫైళ్లకు తేదీలు వేయండి. ఏ అక్షరం ఎందుకు మార్చారో ఒక్క వాక్యమైనా రాసిపెట్టండి. కాగితం మీద గీసిన వాటిని స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. ఫాంట్ పూర్తయ్యాక అమ్ముతారా, అందరికీ వదిలేస్తారా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు. పిల్లల కోసం గీస్తే వదిలేయమనే అంటాను, బడి పుస్తకాలు వేసే చిన్న సంస్థలు డబ్బు పెట్టి కొనలేవు.

వచ్చే సెలవుల్లో సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లండి. 1901లో పెట్టిన గ్రంథాలయం, లక్ష్మణరావు గారు దాని స్థాపకుల్లో ఒకరు. సీసపు అక్షరాలతో అచ్చయిన పాత పుస్తకాలు, పత్రికలు అడిగి చూడండి. ఒక్కో పేజీలో వరుసల మధ్య ఎంత చోటు వదిలారో స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. మీ నాన్నగారికి తీరికుంటే ఆయన్నీ తీసుకెళ్లండి. ఏ పేజీ తేలిగ్గా చదవగలిగారో అడగండి, మీ మొదటి పాఠకుడు ఆయనే అవుతారు.