మీ ప్రశ్నకు మా మాట: మగ్గం ముందు కూర్చుంటే దేవుడికి దూరమైనట్టేనా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది కావలి దగ్గర పల్లె. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే రాత్రి పన్నెండు దాకా ఫ్రేమ్ ముందే ఉంటా. కుటుంబ ప్రార్థనకి కూర్చున్నా మనసంతా ఆ బ్యాక్ నెక్ డిజైన్ మీదే. మా సంఘంలో ఒక పెద్దాయన 'నెమళ్లు, కుందన్లు అనుకుంటా లోకంలో పడిపోయావు, ఆ టైం దేవుడికి ఇవ్వొచ్చు గదా' అన్నారు. మానేద్దామంటే పిల్లల ఫీజులున్నాయి. నేను చేసేది తప్పా? – ఒక సోదరి

జవాబు: ముందు దిగులు పడబాకమ్మా. బైబిల్ తీసి నిర్గమకాండం 31వ అధ్యాయం చదువు. 'ఇతన్ని నా ఆత్మతో నింపాను' అని దేవుడు చెప్పిన మొట్టమొదటి మనిషి ప్రవక్త కాదు, రాజు కాదు, యాజకుడూ కాదు, దేవుడి గుడారం పని చేసిన బెసలేలు అనే పనివాడు. బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్లు సానబెట్టడం, చెక్క చెక్కడం ఇవన్నీ ఆయనకి ఆత్మ ఇచ్చిన నేర్పు అని రాసుంది. 35వ అధ్యాయానికి వస్తే బుటా పని, నేత పని కూడా చేరతాయి, అంటే నీ పనే. ఆయనకి తోడు అహోలీయాబు, ఇద్దరికీ ఇంకొకళ్లకి నేర్పే మనసు కూడా ఇచ్చాడంట. ఆడవాళ్లు చేత్తో నూలు వడికి తెచ్చిన సంగతి కూడా అక్కడే ఉంది.

ఇంక డిజైన్ల మాట. ప్రధాన యాజకుడు అహరోను వేసుకునే నిలువుటంగీ అంచు ఎట్లా ఉండాలో 28వ అధ్యాయంలో దేవుడే చెప్పాడు, నీలం, ఊదా, ఎరుపు నూలుతో దానిమ్మ పండ్లు, మధ్య మధ్యలో బంగారు గంటలు. ఇప్పుడు మీ ఊళ్లో పెళ్లికూతురు జాకెట్ చేతికి అదే డిజైన్ అడిగిందనుకో, రేటు ఎంత చెప్తావో నాకైతే తెలీదు గానీ తక్కువకి మాత్రం చెయ్యవు. పరిశుద్ధ స్థలంలోకి పోయే మనిషి బట్టకి పండ్లు, గంటలు పెట్టించిన దేవుడు నీ నెమలిని చూసి మొహం తిప్పుకుంటాడా? నెమళ్లంటావా, సొలొమోను ఓడల్లో తెప్పించుకున్న సరుకులో అవి కూడా ఉన్నాయి, ఆ పెద్దాయనకి 1 రాజులు 10 చూపించు, కోపం వస్తే నా పేరు చెప్పు.

దొర్కాని కూడా గుర్తు చేసుకో. అపొస్తలుల కార్యములు 9లో ఆమె చనిపోతే యొప్పేలో విధవరాళ్లందరూ పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తా, ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు తీసి చూపించారు. ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటి కూడా బైబిల్లో లేదు, కుట్టిన బట్టలే ఉన్నాయి.

అయినా ఆ పెద్దాయన మాటలో ఒక ముక్క మాత్రం పట్టుకోవాలి నువ్వు. రాత్రి పన్నెండు దాకా అన్నావే, అది నాకు నచ్చలా. ప్రార్థనలో మనసు నిలవకపోవడం భక్తి తగ్గి కాదు, ఒళ్లు అలిసిపోయి. సీజన్లో ఎన్ని జాకెట్లు ఒప్పుకోవాలో ముందే లెక్క పెట్టుకో, డేట్ చెప్పాక ఆ డేట్‌కి ఇవ్వు. ఆరి సూదితో గొలుసు కుట్టు వేసేటప్పుడు చివర వెనక వైపు ముడి సరిగ్గా పడకపోతే ఒక్క దారం లాగితే వరసంతా ఊడి వచ్చేస్తుందని నీకు నేను చెప్పక్కర్లా. ఎవరికీ కనిపించని ఆ ముడి దగ్గర నువ్వు ఎట్లా పని చేస్తావో దాన్ని దేవుడికి చేసే పని అనే అంటా నేను. ప్రార్థన వేరే, పని వేరే అని గీత గీసుకోబాక. ఫ్రేమ్‌కి గుడ్డ బిగించేటప్పుడు ఆ పెళ్లికూతురి కోసం రెండు మాటలు అనుకో, చాలు.

ప్రశ్న: అక్కా, నేను ఒంగోలులో డిగ్రీ చదువుతున్నా, పాటలు రాస్తా. ఒకటి కోలాటం బాణీలో కట్టి యూత్ మీటింగ్‌లో పాడితే 'ఇది మన బాణీ కాదు' అన్నారు. గిటార్ కొట్టి పాడితే మాత్రం ఎవరూ ఏమీ అనరు. పాట కూడా పంపుతున్నా. – ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే తీసి చూడు, పాటల పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి గారు ఆ రాగాల్లోనే కీర్తనలు రాశారు, మీ సంఘం పెద్దలు కళ్లు మూసుకుని పాడేవాటిలో ఆయనవి ఎన్నో ఉంటాయి. ఆ రాగాలు ఎక్కడినుంచి వచ్చాయని ఎవరూ అడగరు గానీ కోలాటం అనేసరికి ఊళ్లో మన పక్కింటోళ్ల పాటలా అనిపిస్తుంది, అదీ వాళ్ల భయం. వాదించబాక, పెద్దల ముందు ఒకసారి నెమ్మదిగా, వాయిద్యాలు లేకుండా పాడు, మాటలు వాళ్ల చెవిన పడాలి.

ఇంక మాటల సంగతి చెప్తా, ఏమీ అనుకోబాక. మొదటి చరణంలో 'ప్రేమామయా, పరిశుద్ధుడా, పరలోకనాథా' అన్నీ రెడీమేడ్ సరుకు, ఎవరైనా రాస్తారు. రెండో చరణంలో నాట్లేసే అమ్మ నడుం పట్టుకుని ఒక్క క్షణం ఆకాశం వైపు చూసిందన్నావే, అది నీది. నెల్లూరు వైపు మాగాణి చూసినవాడే అట్లా రాయగలడు. మొదటి చరణం కొట్టేసి ఆ అమ్మతోనే మొదలుపెట్టు. కొత్త కీర్తన పాడమని 96వ కీర్తన అంటది, మాటలన్నీ పాతవైతే బాణీ కొత్తదై ఏం లాభం?

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ పని నాది. ఆదివారం దేవుడు, మిగతా ఆరు రోజులు రాయి. భక్తికి ఈ పనిలో చోటెక్కడ? – ఒక సోదరుడు

జవాబు: మన జిల్లాలో సంఘాలు పెరిగిన కథ మట్టి పనిలోనే ఉందయ్యా. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్ట్ తీసుకుని ఆకలితో ఉన్నోళ్లకి కూలి ఇప్పించాడు. మేస్త్రీలుగా నిలబడింది బోధకులే, కూలోళ్లు అలుపు తీర్చుకునేప్పుడు పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు. కూలి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది తీసుకున్నారు.

నువ్వు పాలిష్ పెట్టే ఆ నల్ల గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు నీ చేతి కింద తేలతాయి, పెట్టింది మాత్రం దేవుడు. బెసలేలు చేసిన పనుల్లో రాయి పని కూడా ఉందని పైన చెల్లెలికి చెప్పా, అది నువ్వూ చదువు. ఇంకొక మాట, ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. నీళ్లు కొట్టకుండా మిషన్ ఆన్ చెయ్యబాక, మూతికి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్క్ ఇమ్మని మీ సూపర్‌వైజర్‌ని గట్టిగా అడుగు.