డాక్టర్ సలహా: ‘నల్ల బర్రె’ అని రాసుకుంటే చాలదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది పరకాల దగ్గర ఒక పల్లె. రెండు ముర్రా బర్రెలు ఉన్నాయి. అందులో మూడో ఈత బర్రె ఈని అయిదు వారాలైంది. మొదట్లో రెండు పూటలా కలిపి 9 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 4 లీటర్లకు దిగింది. గడ్డి తింటోంది కానీ దాణా పెడితే మూతి తిప్పుకుంటోంది. రెండు వారాల్లో మూడుసార్లు ఇంజెక్షన్లు వేయించాను. రెండుసార్లు మా ఊరికి వచ్చే ఆయన వేశారు, మొన్న సాయంత్రం పక్క ఊరి ఆయన వేశారు. మందుల పేర్లు ఎవరూ రాసి ఇవ్వలేదు, ఖాళీ సీసాలు పారేశాం. నిన్న పొద్దున దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చి ‘ఇంతకుముందు ఏమేం వేశారు, జ్వరం ఎంత ఉండేది, పాలు ఏ రోజు నుంచి తగ్గాయి’ అని ఒకటే ప్రశ్నలు. మా దగ్గర కాగితం ముక్క లేదు, ఏం చెప్పాలి? అరగంట సేపు అక్కడ పట్టి ఇక్కడ నొక్కి, ‘జ్వరం 101 ఉంది, మళ్లీ వచ్చి చూస్తా’ అని సూది వేయకుండానే వెళ్లిపోయారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంత పరీక్ష అవసరమా? ఈ పాలు కేంద్రంలో పోయొచ్చా?

– ఒక పాఠకుడు, హనుమకొండ జిల్లా

జవాబు: సూది వేయకుండా వెళ్లారని మీకు కోపం వచ్చినట్టుంది. నాకైతే ఈ రెండు వారాల్లో మీ బర్రెను నిజంగా చూసింది ఆవిడ ఒక్కరే అనిపిస్తోంది. మిగతా ఇద్దరూ చూడలేదని అనను. చూశారో లేదో చెప్పే కాగితం లేదు, గొడవంతా అక్కడే.

మన ఊళ్లలో ఒక లెక్క ఉంది. బండి దిగీ దిగగానే సూది తీస్తే మంచి డాక్టరు, తోక పట్టుకుని గడియారం చూస్తూ నిలబడితే పని రానివాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట నా మొహం మీదే అన్నారు. తోక పట్టుకునేది నాడి కోసం. తోక మొదలు నుంచి బెత్తెడు కిందికి, లోపలి వైపు నడిమధ్యన వేలు ఆనిస్తే నాడి తగులుతుంది. పెద్ద బర్రెకు నిమిషానికి 50, 60 ప్రాంతంలో ఉంటే మామూలే. అది తెలియకుండా కాల్షియం సీసా నరానికి ఎక్కిస్తే, తోకతో పాటు బర్రె కూడా చేజారిపోవచ్చు. కాల్షియం తొందరగా ఎక్కితే గుండె తాళం తప్పుతుంది.

అసలు పరీక్షలో సగం కొట్టంలోకి అడుగు పెట్టకముందే అయిపోతుంది. దూరంగా నిలబడి డొక్క ఎగిరిపడటం చూసి శ్వాస లెక్కపెడతాం. దగ్గరికి పోయి ముట్టుకుంటే బెదురుతుంది, అప్పుడు ఆ లెక్క పనికిరాదు. మోచేతులు బయటికి పెట్టి, వీపు విల్లులా వంచి నిలబడిందా? మూతి తడిగా ఉందా? నెమరేస్తోందా? వెనక పడ్డ పెండ పలుచగా ఉందా, గట్టిగా నల్లగా ఉందా? డాక్టరమ్మ మొదటి అయిదు నిమిషాలు ‘ఊరికే నిలబడ్డారు’ అని మీకు అనిపించి ఉంటుంది. ఆవిడ చేసింది ఈ పనే.

తర్వాత థర్మామీటరు. దీన్ని మిగతా పరీక్షల కంటే ముందే పెట్టాలి, పెట్టాక రెండు నిమిషాలు ఉంచాలి, మొన లోపలి గోడకు ఆనాలి. పెండలో గుచ్చుకుంటే అది పెండ వేడి చెప్తుంది, బర్రె వేడి కాదు. మామూలుగా 100 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. బర్రెకు చర్మం నలుపు, ఆవు కంటే చెమట గ్రంథులు తక్కువ. అందుకే మే నెల ఎండలో చెట్టు లేని చోట కట్టేస్తే రోగం లేకుండానే వేడి ఎక్కుతుంది, కుంటలోంచి అప్పుడే లేచి వస్తే తక్కువ చూపిస్తుంది. కాబట్టి ‘101’ అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఎన్ని గంటలకు చూశారు, అంతకుముందు బర్రె ఎక్కడుంది, దాని ఒంట్లో ఏ మందు ఉంది అన్నవి పక్కన ఉంటేనే దానికి అర్థం.

మీ విషయంలో ముఖ్యమైన ముడి ఇదే. మొన్న సాయంత్రం ఇంజెక్షన్ పడింది, నిన్న పొద్దున జ్వరం 101. ఆ ఇంజెక్షన్ నొప్పికీ జ్వరానికీ వేసేదే అయితే, ఆ 101 బర్రెది కాదు, ఇంజెక్షన్‌ది. స్టెరాయిడ్ అయితే ఇంకా చిక్కు. ఒకటి రెండు రోజులు పశువు హుషారుగా కనిపిస్తుంది, కొంచెం తింటుంది, లోపల ఉన్న జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. పైగా స్టెరాయిడ్‌తోనే పాలు తగ్గడమూ ఉంది. ఇప్పుడు మీ బర్రెకు పాలు జబ్బుతో తగ్గాయా, మందుతో తగ్గాయా? ఎవరికి తెలుసు? డాక్టరమ్మ మళ్లీ వస్తానన్నది ఆ మందు దిగిపోయాక అసలు బర్రెను చూద్దామనే.

మీరు రాసిన లక్షణాల్లో ఒకటి నన్ను బాగా పట్టుకుంది. గడ్డి తింటోంది, దాణా వద్దంటోంది. ఈని ఆరు వారాల లోపు, బాగా పాలిచ్చే పశువులో ఇలా ఉంటే ముందు కీటోసిస్ అనుమానించాలి. పాలకు పోయే శక్తి ఎక్కువ, మేతతో వచ్చేది తక్కువ అయి ఒంట్లో కొవ్వు కరగడం మొదలవుతుంది. ఆ కరగడంలో పుట్టే పదార్థాల వల్ల ఊపిరికి, మూత్రానికి ఒక రకమైన తియ్యటి వాసన వస్తుంది. గోళ్ల రంగు తుడిచే మందు వాసన తెలిస్తే గుర్తుపట్టడం సులువు. మూత్రంలో ముంచి చూసే పట్టీలు మందుల షాపులో దొరుకుతాయి. నిజంగా కీటోసిస్ అయితే నరానికి గ్లూకోజ్ ఎక్కించాల్సి ఉంటుంది. బెల్లం నీళ్లు తాగించి ఊరుకునేవాళ్లు ఉన్నారు కానీ, ఆ బెల్లం చాలావరకు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకే పోతుంది, నెత్తురులోకి చక్కెరగా ఎక్కదు.

అనుమానం వేరు, నిర్ధారణ వేరు. ఇవే లక్షణాలు బర్రె తీగ ముక్క మింగినా కొంతవరకు వస్తాయి. మేతలో కలిసిన మేకు, బైండింగ్ వైరు ముక్క రెండో పొట్టలో ఆగి గోడను పొడుస్తుంది, దాని ముందే గుండె. డాక్టరమ్మ భుజాల మధ్య వీపును గట్టిగా నొక్కి పట్టుకున్నారా? ఆరోగ్యంగా ఉన్న బర్రె వీపును కిందికి దించుతుంది. తీగ ఉన్నది దించదు, బిగబట్టి మూలుగుతుంది. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి ఊరుకున్నారా? రెండు నిమిషాల్లో పెద్ద పొట్ట రెండు మూడుసార్లు పిడికిలిని పైకి నెట్టాలి. భుజం ముందు వేళ్లు పెట్టి వెతికింది గడ్డల కోసం. పిడుదుల వల్ల వచ్చే థైలీరియా అనే జబ్బులో అవి ఉబ్బుతాయి. కనురెప్ప దించి చూసింది ఒంట్లో నెత్తురు తగ్గిందేమోనని. నాలుగు రొమ్ముల పాలూ విడివిడిగా పిండి చూసింది పొదుగువాపు కోసం. ఒక్క మాట: నోట్లో చెయ్యి పెట్టే ముందు ‘కుక్క గానీ కరిచిందా’ అని అడగని డాక్టరును నేనైతే చెయ్యి పెట్టనివ్వను. మేత మానేసి చొంగ కారుస్తున్న బర్రెకు గొంతులో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెడితే, అది పిచ్చికుక్క కాటు కావచ్చు.

ఇక మీ దగ్గర కాగితం ముక్క లేదన్నారు. ఉంది. పాల కేంద్రంలో పూట పూటకూ ఇచ్చే చీటీలు ఎక్కడ పెట్టారు? చూరులోనో, కరెంటు మీటరు వెనకో గుచ్చి ఉంటాయి. వాటి మీద తేదీ, లీటర్లు, ఫ్యాట్ అన్నీ ఉంటాయి. మీ రెండు బర్రెల పాలు కలిపి పోస్తుంటే లీటర్లలో కొంచెం గందరగోళం ఉంటుంది, అయినా తగ్గుదల మొదలైన రోజు దొరుకుతుంది. ఒక్క పూటలో సగానికి పడిపోతే తీగ, జ్వరం, పొదుగువాపు వైపు చూస్తాం. పది రోజుల పాటు పావు లీటరు, అర లీటరు చొప్పున జారితే కీటోసిస్ వైపు మొగ్గుతాం. లీటర్లు తగ్గుతూ ఫ్యాట్ పెరిగితే ఆ అనుమానం ఇంకొంచెం గట్టిపడుతుంది. ఫ్యాట్ ఒక్కదానితో తేల్చలేం, పాలు తగ్గినప్పుడు అది ఎలాగూ కొంత పెరుగుతుంది.

రాసుకోవడం గురించి మీకు చెప్పే హక్కు నాకు ఒక తప్పు చేశాక వచ్చింది. ఉద్యోగంలో మొదటి ఏడాది, ఒక చిన్న దవాఖాన. ఒక రైతుకు రెండు బర్రెలు. ఒకటి చూడిదని నేనే చెయ్యి పెట్టి చూసి చెప్పాను, రెండోది ఎదకు రావడం లేదు. రిజిస్టరులో ‘నల్ల బర్రె, ఎద ఇంజెక్షన్ వేయాలి’ అని రాసి సెలవు మీద వెళ్లాను. బర్రెల్లో నల్లది కానిది ఏదండీ! నా బదులు వచ్చిన డాక్టరు రిజిస్టరు చూసి, ఇంట్లో ఉన్న ముసలావిడను అడిగి, ఆవిడ చూపించిన బర్రెకు ఇంజెక్షన్ వేశారు. అది చూడి బర్రె. ఎద ఇంజెక్షన్ చూడిని నిలవనివ్వదు, నాలుగు రోజుల్లో ఈసుకుపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, కూర్చోమని చాయ్ తెప్పించారు. ఆ చాయ్ ఎలా తాగానో నాకే తెలుసు. ఆ రోజు నుంచి కొమ్ముల మెలిక, నుదుటి చుక్క, చిరిగిన చెవి, తోక కుచ్చు రంగు రాయనిదే నా కలం ముందుకు పోలేదు. ఇప్పుడు చెవిపోగు వచ్చింది, దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది, ఇంకో పశువుకు అదే నంబరు ఉండదు. గాలికుంటు టీకాలకు వచ్చినప్పుడు వేసే ఆ పోగును కొందరు ‘చెవి పాడవుతుంది’ అని కోసేస్తారు. అలా కోసేస్తే మీ బర్రె మళ్లీ ‘నల్ల బర్రె’ అవుతుంది.

మేం కేస్ షీటు నాలుగు భాగాలుగా రాస్తాం: మీరు చెప్పింది, మేం చూసింది, మా అంచనా, చేసిన వైద్యం. మొదటి రెంటినీ కలపకూడదు. ‘జ్వరం ఉంది’ అని మీరు చెవి పట్టుకుని చెప్పింది వేరు, థర్మామీటరు చెప్పింది వేరు. మీరు ఇన్ని రాయనక్కర్లేదు. పిల్లల పాత నోటుబుక్కులో బర్రెకు రెండు పేజీలు చాలు. పైన చెవిపోగు నంబరు, ఈనిన తేదీ, చూడి కోసం సూది కట్టించిన (కృత్రిమ గర్భధారణ చేయించిన) తేదీ. సూది కట్టించాక 21 రోజులకు మళ్లీ ఎదకు వచ్చిందా, 90 రోజులకు చూడి పరీక్ష ఏమైంది రాయండి. బర్రె సుమారు 310 రోజులకు ఈనుతుంది, ఆ తేదీ ముందే లెక్కకట్టి, దానికి రెండు నెలల ముందు ‘పాలు ఆపాలి’ అని గుర్తు పెట్టుకోండి. జబ్బు చేసినప్పుడు ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, నరానికా కండకా రాయండి. రాయడం రాకపోతే ఖాళీ సీసాను చెవిపోగు పక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీయండి, తేదీ దానంతట అదే పడుతుంది.

బరువు కూడా ఒకసారి కొలిచి రాసి పెట్టండి, మందు మోతాదు దాని మీదే ఆధారపడుతుంది. దర్జీ టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. చుట్టు 72, పొడవు 60 అయితే దాదాపు 470 కిలోలు. ‘మూడు క్వింటాళ్లు ఉంటుందేమో’ అని కంటితో చూసి వేసిన మందు మూడోవంతుకు పైగా తక్కువ పడినట్టే కదా.

పాల సంగతి. మందు సీసా మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాసి ఉంటుంది. అలా నిర్ధారించిన గడువు లేని మందైతే కనీసం 7 రోజులు ఆపాలని 2012లో కేంద్రం నిబంధన పెట్టింది. మీకు మందు పేరే తెలియదు కాబట్టి ముందు ఆ ఇద్దరికీ ఫోన్ చేసి అడగండి. గుర్తు లేదంటే, చివరి సూది పడిన రోజు నుంచి ఈ బర్రె పాలు 7 రోజులు కేంద్రంలో పోయకండి, ఇంట్లోనూ వాడకండి. రెండో బర్రె పాలు వేరే క్యాన్‌లో పోసుకోవచ్చు. నష్టమే, కాదనను.

డాక్టరమ్మ మళ్లీ వచ్చేలోపు నొప్పికీ జ్వరానికీ అంటూ ఇంకో సూది ఎవరితోనూ వేయించకండి. పొద్దున, సాయంత్రం పాలు పితికే ముందు థర్మామీటరు పెట్టి, గంటతో సహా రాయండి. 103 దాటినా, గడ్డి కూడా మానేసినా, లేవలేకపోయినా ఆగకుండా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. పాల చీటీలు మాత్రం ఈరోజే దులిపి తేదీల వరసన పెట్టండి. ఆవిడ వస్తే మొదట అడిగేది అవే.