మోకాలి ఆపరేషన్ వాయిదా ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. మోకాలి మార్పిడికి వెళ్తే షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ 9.2, హిమోగ్లోబిన్ 9.8 ఉన్నాయని మూడు నెలలు ఆగమన్నారు. నొప్పితో నడవలేకపోతోంది. ఆగాల్సిందేనా?

జవాబు: ఆగాలండి, ఆ డాక్టరుగారు మంచి పనే చేశారు. షుగర్ అదుపులో లేకపోతే గాయం త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదం ఎక్కువ. కృత్రిమ కీలుకు చీము పడితే ఒక్క మందులతో పోవడం కష్టం. చాలాసార్లు కీలు తీసి మళ్లీ వేయాలి. అందుకే చాలామంది సర్జన్లు హెచ్‌బీఏ1సీ 7.5-8 లోపు ఉండాలంటారు. అది రెండు మూడు నెలల షుగర్ సగటు, వారం రోజుల పథ్యంతో దిగదు.

రక్తం ఎందుకు తగ్గిందో ముందు తేల్చాలి. ఐరన్ లోపమే అయితే మాత్రను టీ, కాఫీలకు కనీసం గంట ఎడంగా, చక్కెర లేని నిమ్మనీళ్లతో ఇవ్వండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేయొద్దు.

ఈలోగా తొడ కండరం బలపడాలి. కాలు చాపి, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని 5 సెకన్లు కిందికి నొక్కి వదలాలి. పదేసిసార్లు, మూడు పూటలా. ఊపిరి బిగబట్టకూడదు.

పుచ్చుపళ్లు, మడమల పగుళ్లు, వేళ్ల సందుల్లో పుండ్లు, మూత్రంలో మంట ఉంటే ఇప్పుడే చూపించండి, వాటి నుంచీ కీలుకు చీము పట్టొచ్చు. నొప్పికి ఓర్చుకోలేక మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం వేయించొద్దు. ఆపరేషన్ ఇంకో మూడు నెలలు వెనక్కి పోతుంది. ఆపరేషన్ ముందు రోజు ఇంట్లో వెంట్రుకలు తీయడానికి కాలిమీద బ్లేడు పెట్టనివ్వకండి. చిన్న గాటు పడి పుండైనా మళ్లీ వాయిదానే.