సంఘంలో జ్ఞానం కంటే ప్రేమ ముందుండాలని పౌలు ఎందుకన్నాడు?

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు (కొరింథు పట్టణంలోని క్రైస్తవ సంఘానికి) రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో ఈ మాట విగ్రహాలకు అర్పించిన మాంసం గురించిన వివాదంలో వస్తుంది. విగ్రహం వట్టిదని, కాబట్టి ఆ మాంసం తినడంలో దోషం లేదని కొందరు వాదించారు. సిద్ధాంతపరంగా వారి మాట సరైనదేనని పౌలు కూడా ఒప్పుకున్నాడు. అయితే నిన్నమొన్నటి వరకు ఆ విగ్రహాలనే కొలిచిన విశ్వాసి, జ్ఞానం గల సహోదరుడు గుడిలో భోజనానికి కూర్చోవడం చూసి, మనస్సాక్షి ఒప్పుకోకపోయినా తానూ తింటే, అతని విశ్వాసమే దెబ్బతింటుంది. అందుకే తన భోజనం వల్ల సహోదరుడు తప్పటడుగు వేసేటట్లయితే తాను ఎన్నటికీ మాంసం తిననని పౌలు తేల్చి చెప్పాడు.

జ్ఞానం కంటే ప్రేమ ముందన్న ఈ మాటను అజ్ఞానానికి సమర్థనగా వాడుకోవడం (అలా వాడేవారూ లేకపోలేదు) పొరపాటు. ఫిలిప్పీ పట్టణపు విశ్వాసుల ప్రేమ తెలివితో కూడి అంతకంతకూ పెరగాలని ప్రార్థించినది ఆ పౌలే. తప్పును దిద్దడం ప్రేమకు విరుద్ధం కాదు. దిద్దే తీరులోనే తేడా ఉంటుంది. ఎఫెసు పట్టణంలోని యూదుల సమాజమందిరంలో అపొల్లో అనే బోధకుడు యోహాను బాప్తిస్మం (యేసుకు ముందు వచ్చిన యోహాను, మారుమనస్సుకు గుర్తుగా నీళ్లలో ఇచ్చినది) మాత్రమే తెలిసి బోధిస్తున్నప్పుడు, ప్రిస్కిల్ల, అకుల అనే విశ్వాసులైన దంపతులు అందరి ముందు అతణ్ణి తప్పుపట్టకుండా, తమతో చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు.