మొదటిసారి డ్యూటీ మీద దూరం వెళ్లే ముందు భయంగా ఉంటే

"ఇంకో పది రోజుల్లో ఆపరేషన్ ఏరియాకి వెళ్తున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను సైన్యానికి పనికిరానేమో?" అని అడిగారు.

భయం వేసినంత మాత్రాన పనికిరారని కాదండీ. ప్రమాదం ఉండొచ్చని తోచగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం దాని వల్లే. ఎన్నోసార్లు వెళ్లొచ్చిన సీనియర్లలో కూడా చాలామందికి ఇది ఉంటుంది, బయటికి చెప్పరంతే.

దడ మొదలైతే నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ అనే నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే వదలడం ఎక్కువసేపు సాగాలి. నిద్ర కోసం మాత్రం మద్యం తాగకండి, ఉన్న నిద్రా చెడుతుంది. ఇలాగే కొనసాగితే యూనిట్ డాక్టరుని కలవండి, అందులో నామోషీ ఏమీ లేదు.

చాలామందికి అసలు టెన్షన్ ఇంటి గురించే. నామినీ వివరాలు, బ్యాంకు పనులు, వీలునామా ఇప్పుడే చూసుకోండి. వీలునామా రాయడం అపశకునమేమీ కాదు, మనసులో ఒక బరువు దిగుతుంది. రోజూ ఫోన్ చేస్తానని మాటివ్వకండి. "కాల్ రాకపోతే సిగ్నల్ లేదనుకోండి" అని ముందే చెప్పండి. ఎక్కడికి, ఎప్పుడు అన్నది మాత్రం అనుమతి లేకుండా ఎవరికీ చెప్పొద్దు.

సామాను సర్దేటప్పుడు ఇంట్లోవాళ్లు చేత్తో రాసిన ఉత్తరం ఒకటి జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా, మడతలు విప్పి చదువుకోవచ్చు.