సంతానం తగ్గుతున్నా నైజీరియా జనాభా ఎందుకు పెరుగుతూనే ఉంది?

దీనికి ప్రధాన కారణం ఆ దేశ జనాభా వయోనిర్మాణం. నైజీరియాలో సగానికి సగం మంది సుమారు 18 ఏళ్ల లోపువారే కాబట్టి, ఒక్కో స్త్రీకి కలిగే పిల్లల సంఖ్య తగ్గినప్పటికీ, ఏటా తల్లులయ్యే వయసుకు చేరుకునే యువతుల సంఖ్య అంతకంతకూ పెరుగుతూ ఉండటం వల్ల, మొత్తం జననాలు వెంటనే తగ్గవు. జాతీయ ఆరోగ్య సర్వేల ప్రకారం 2018లో సగటున 5.3గా ఉన్న సంతానం 2023-24 నాటికి 4.8కి దిగింది; అదే కాలంలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు వెయ్యికి 132 నుంచి 110కి తగ్గాయి. బతికే పిల్లలు పెరగడం కూడా జనాభా వృద్ధికి తోడవుతుంది, అది నిస్సందేహంగా సంతోషించవలసిన విషయమే.

అయితే దేశ సగటును మాత్రమే చూస్తే అసలు చిత్రం మరుగున పడుతుంది. 2018 సర్వేలో ఉత్తరాన ఉన్న కట్సినా రాష్ట్రంలో సగటు సంతానం 7.3 కాగా, దక్షిణాన లాగోస్‌లో అది 3.4 మాత్రమే. బాలికల చదువు, పెళ్లి వయసు, కుటుంబ నియంత్రణ సేవల అందుబాటు ఈ రెండు ప్రాంతాలలో ఎంతో వేరుగా ఉండటమే ఇంతటి అంతరానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం.

నైజీరియాలో చివరి జనగణన 2006లో జరిగింది, అప్పుడు లెక్క తేలింది దాదాపు 14 కోట్లు. నేడు వినిపించే 22 కోట్లకు పైబడిన సంఖ్యలన్నీ అంచనాలే. ఎన్ని బడులు, ఎందరు నర్సులు కావాలో నిర్ణయించేది కూడా ఆ అంచనాల మీదనే.