ఆరోహణ, అవరోహణ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. ర్యాపర్ మేగన్ దీ స్టాలియన్ జీవితం మీద నువ్వు రాసి పంపిన ఇరవై రెండు పేజీలనూ రెండుసార్లు చదివాను, మొదటిసారి పాఠకుడిగా, రెండోసారి పెన్సిలు పట్టుకొని. నీ వాక్యానికి నడక ఉంది, చదివించే గుణం ఉంది. నాకు నచ్చనిది వ్యాసాన్ని కట్టిన తీరు. వ్యాసాన్ని ‘ఆరోహణ’, ‘అవరోహణ’ అని రెండు భాగాలు చేశావు. మొదటి భాగంలో హ్యూస్టన్ నగరంలోని సౌత్ పార్క్ పిల్ల గ్రామీ వేదిక ఎక్కుతుంది. రెండో భాగంలో తల్లి చనిపోతుంది, కంపెనీతో తగాదా వస్తుంది, పాదాలకు తూటాలు తగులుతాయి. చదివినవారికి ముందు పేరు వచ్చిందనీ, తరువాత దిష్టి తగిలినట్టు కష్టాలు వచ్చిపడ్డాయనీ అనిపిస్తుంది. జరిగింది అది కాదు.

ఒక తెల్లకాగితం తీసుకొని నెలలవారీగా రాసుకో. ఆమెకు తొలి గురువూ, మేనేజరూ అయిన తల్లి హాలీ థామస్ మెదడు కణితితో 2019 మార్చిలో కన్నుమూసింది. ‘ఫీవర్’ మిక్స్‌టేప్, అంటే ఆల్బమ్ లాంటి పాటల సంపుటి, ఆ మే నెలలోనే వచ్చింది. 2020 మార్చి మొదటివారంలో ఆమె తన తొలి కంపెనీ మీద హ్యూస్టన్ కోర్టుకెక్కి, తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకొని, ‘సుగా’ అనే పాటల సంపుటిని విడుదల చేయించుకుంది. అందులోని ‘శావేజ్’ పాటకు ఏప్రిల్ నెలాఖరున ప్రఖ్యాత గాయని బియాన్సే గొంతు కలిపింది, మే చివరికి అది బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. జూలై 12 తెల్లవారుజామున హాలీవుడ్ హిల్స్‌లో ఆమె మీద కాల్పులు జరిగాయి. ఆగస్టు 7న మరో ర్యాపర్ కార్డీ బీతో కలిసి పాడిన ‘వ్యాప్’ విడుదలైంది. మొదటి వారంలోనే అమెరికాలో 9 కోట్ల 30 లక్షల స్ట్రీమ్‌లతో నేరుగా మొదటి స్థానంలోకి దిగింది. నవంబరులో వచ్చిన ‘గుడ్ న్యూస్’ తొలి ఆల్బమ్‌లో మొట్టమొదటి పాటే ఆ కాల్పుల గురించి. 2021 మార్చి 14న ఒకే రాత్రి మూడు గ్రామీలు. దేశమంతా ఆమె పాట మోగుతున్న వారాల్లోనే ఆమె శస్త్రచికిత్స చేయించుకున్న పాదాలతో ఇంట్లో ఉంది. ఇందులో ఎక్కడ ఆరోహణ ముగిసిందని గీత గీస్తావు?

ఈ రెండింటినీ ఒకే పేజీలోకి తెస్తే వ్యాసం కష్టమవుతుందని నాకు తెలుసు. విడదీసి రాయడం సులువు, ఎందుకంటే అప్పుడు ఒక భాగంలో మెచ్చుకోవచ్చు, ఇంకో భాగంలో జాలిపడవచ్చు, రెండింటినీ ఒకేసారి మోయనక్కరలేదు.

చాలా ఏళ్ల క్రితం నేనూ అదే పని చేశాను. పద్యనాటకాల్లో పేరు మోసిన ఒక నటి మీద వ్యాసం రాసి, పత్రికలో అచ్చయ్యాక పట్టుకెళ్లి ఆవిడకు చూపించాను. భర్త వదిలేయడం, అప్పులు, కూతురి జబ్బు, అన్నీ కంటతడి పెట్టించేలా రాశానని నాకు గర్వంగా ఉండేది. ఆవిడ చివరిదాకా చదివి, కాగితం మడిచి, “నా వన్స్‌మోర్ల సంగతి ఒక్కటీ రాయలేదేం బాబూ?” అంది. తెనాలిలో ఒకే పద్యాన్ని నాలుగుసార్లు పాడించుకున్నారట. ఆ రాత్రే ఇంటి నుంచి కబురు వచ్చిందట. కబురు తెలిశాక కూడా నాలుగోసారి పాడిందట. ఆ రెండూ ఒకే రాత్రి జరిగాయని నేను అడగనే లేదు. నేను అడిగిందంతా కష్టాల గురించే.

ఇక ఒప్పందం సంగతి. కాల్పులకు అయిదు పేజీలిచ్చి, ఆమె తొలి రికార్డు కంపెనీ 1501 సర్టిఫైడ్ ఎంటర్‌టైన్‌మెంట్‌తో జరిగిన వివాదానికి మూడు వాక్యాలిచ్చావు. కాగితాల గొడవలో రక్తం ఉండదు కాబట్టి రచయితలు దాన్ని దాటేస్తారు, కానీ ఒక కళాకారిణి ఎదుగుదల ఎలా జరుగుతుందో, అది ఎవరి చేతుల్లో ఉంటుందో తెలిసేది అక్కడే. ఆమె 2018లో సంతకం చేసింది. అందులో ఏముందో తనకు అప్పట్లో పూర్తిగా తెలియదనీ, మరుసటి ఏడు రాక్ నేషన్ సంస్థ నిర్వహణలోకి వెళ్లాక అక్కడి న్యాయవాదులు చదివి చెబితేనే తెలిసిందనీ ఆమె స్వయంగా చెప్పింది. కోర్టులో ఆమె తరఫున వేసిన లెక్క ప్రకారం రికార్డింగు ఆదాయంలో 60 శాతం కంపెనీది, 40 శాతం ఆమెది. ఇంజనీర్లకూ, మిక్సింగ్ చేసినవారికీ, పాటలో అతిథులుగా పాడినవారికీ ఆ 40 నుంచే ఇచ్చుకోవాలి. కచేరీల ఆదాయంలోనూ కంపెనీకి వాటా ఉంది. మన పల్లెల్లో కౌలుకు చేసేవాడి బతుకు తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు: విత్తనం, ఎరువు, కూలి అతడివి, పంటలో పెద్దపాలు మాత్రం గట్టు మీద నిలబడ్డవాడిది. ఈ పోలిక నీ వ్యాసంలో వాడుకో, నాకేమీ అభ్యంతరం లేదు.

ఆ వివాదం తరువాతి ఘట్టం ఇంకా చిత్రంగా ఉంటుంది, నువ్వు దాన్ని తాకనేలేదు. 2021 అక్టోబరులో ఆమె ‘సంథింగ్ ఫర్ దీ హాటీస్’ అనే సంకలనం విడుదల చేసింది. దాన్ని ఆల్బమ్‌గా లెక్కిస్తే ఒప్పందం ప్రకారం ఆమె ఇవ్వవలసిన ఆల్బమ్‌లలో ఒకటి తగ్గుతుంది. ఆల్బమ్ అంటే కనీసం 45 నిమిషాలుండాలి, ఇది ఉంది కదా అని ఆమె వాదన. అందులో పాత పాటలూ మాటలూ తీసేస్తే కొత్త సరుకు 29 నిమిషాలే కాబట్టి అది ఆల్బమే కాదని కంపెనీ వాదన. ఒక మనిషి స్వేచ్ఛ నిమిషాల లెక్క మీద ఆగి ఉన్న ఆ దశలోనే, 2022 ఆగస్టులో, ‘ట్రామజీన్’ ఆల్బమ్ వచ్చింది. తల్లి మరణమూ, ఆందోళనా, నిద్రలేమీ ఆ పాటల్లో వినబడతాయని నువ్వే రాశావు. అదే ఆల్బమ్ ఒప్పందపు లెక్కలో మరొక అంకె కూడా. గుండె బరువు దించుకోవడం, బాకీ తీర్చుకోవడం ఒకే పాటతో జరిగాయి. 2023 అక్టోబరులో ఇరుపక్షాలూ రాజీపడి విడిపోయాయి, షరతులు బయటపెట్టలేదు. 2024 జూన్‌లో ‘మేగన్’ అన్న ఆల్బమ్‌ను ఆమె సొంత సంస్థ హాట్ గర్ల్ ప్రొడక్షన్స్ తరఫున తెచ్చింది. నీ ‘అవరోహణ’ భాగం సరిగ్గా ఇక్కడికి రాకముందే ఆగిపోయింది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన విషయం చెబుతాను. అది ఒక చిన్న ప్రత్యయం, ‘అట’. కాల్పుల గురించి రాస్తూ “టోరీ లేనెజ్ ఆమె పాదాల మీద కాల్చాడట” అన్నావు. ఒప్పందం గురించి రాస్తూ “కంపెనీ ఆమెను మోసం చేసింది” అన్నావు. రెండూ తలకిందులు. డేస్టార్ పీటర్సన్ అనే అసలు పేరు గల ఆ గాయకుణ్ణి లాస్ ఏంజెలెస్ జ్యూరీ 2022 డిసెంబరు 23న మూడు అభియోగాల్లోనూ దోషిగా తేల్చింది. 2023 ఆగస్టులో న్యాయమూర్తి పదేళ్ల శిక్ష వేశాడు. తాను నిర్దోషినని అతడు అంటూనే ఉన్నాడు, అప్పీలుకూ వెళ్లాడు. అదీ ఒక వాక్యంలో రాయి, న్యాయం. కానీ తీర్పు వచ్చిన విషయానికి ‘అట’ తగిలించకూడదు. మరోవైపు కంపెనీ వివాదం తీర్పు దాకా వెళ్లకుండా రాజీతో ముగిసింది, కాబట్టి అక్కడ ‘ఆమె ఆరోపించింది’, ‘కంపెనీ కాదన్నది’ అని రాయాలి. మన భాషలో ఒక్క అక్షరంతో సాక్ష్యాన్ని పుకారుగా మార్చవచ్చు. ఆ రెండేళ్లలో ఆమె మీద జరిగిందీ అదే: అసలు తూటానే తగలలేదని, నాటకమని అన్నవారికి లెక్కలేదు. 2022 డిసెంబరులో సాక్షి బోనులో నిలబడి, ఇంత హింస పడతానని తెలిస్తే అతడు నన్ను చంపేసి ఉంటేనే బాగుండేదనుకుంటాను అన్న అర్థంలో ఆమె మాట్లాడింది. ఆ మాటను నువ్వు ఉపశీర్షికగా పెట్టావు, తీసెయ్. దాని చోటు వ్యాసం మధ్యలో, ముందూ వెనకా ఉన్న కారణాలతో పాటు.

కారణాల్లో ఒకటి నువ్వు “మొదట మాట మార్చింది” అని తేల్చేసిన ఘట్టం. ఆ రాత్రి పోలీసులకు ఆమె గాజుపెంకు మీద కాలు పెట్టానని చెప్పిన మాట నిజమే. తరువాత ఆమె ఇచ్చిన వివరణ కూడా అదే పేరాలో ఉండాలి: కారులో తుపాకీ ఉందని చెబితే నల్లవాళ్లమైన మా అందరినీ పోలీసులు అక్కడే కాల్చేస్తారేమోనని భయపడ్డానంది. అప్పటికి ఏడు వారాల ముందే, తాను పెరిగిన హ్యూస్టన్‌లోనే పెరిగిన జార్జ్ ఫ్లాయిడ్‌ను మినియాపొలిస్ పోలీసు ఒకడు మెడ మీద మోకాలు పెట్టి చంపాడు. దానికి తోడు ర్యాప్ లోకంలో తోటి కళాకారుడి మీద పోలీసులకు చెప్పడాన్ని ద్రోహంగా చూసే అలవాటు పాతది. ఈ రెండూ లేకుండా ‘మాట మార్చింది’ అంటే మన పాఠకులకు ఆమె అబద్ధాలకోరుగానే మిగులుతుంది. అదే ఏడు అక్టోబరులో ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో నల్లజాతి స్త్రీల రక్షణ గురించి తన పేరుతో వ్యాసం రాసింది; దాన్ని వెతికి చదువు, నువ్వు చేయబోయే పని ఆమె అప్పటికే చేసింది.

మర్యాదవాచకాల గురించి ఒక మాట. నీ వ్యాసంలో మగ ర్యాపర్లు డ్రేక్ ‘అన్నారు’, జే-జీ ‘స్థాపించారు’, మేగన్ మాత్రం ‘అంది’, ‘ఏడ్చింది’, ‘వేసింది’. ఇది నీ ఒక్కదాని పొరపాటు కాదు, మన పత్రికలన్నీ చేసేదే. అందరికీ ‘రు’ పెట్టు, లేదా ఎవరికీ పెట్టకు. నేను ఈ ఉత్తరంలో ఎవరికీ పెట్టలేదు. అలాగే ‘లేడీ ఎమినెమ్’ అని ఒక మగ ర్యాపర్ పేరు అంటించిన బిరుదు కొట్టెయ్. విజయశాంతి అంతటి నటిని ‘లేడీ అమితాబ్’ అని పిలిచి మురిసిన జాతి మనది, ఇంకా తీరలేదా?

పేరును అనువదించిన చోట నవ్వొచ్చింది. నిఘంటువులో స్టాలియన్ అంటే మగ గుర్రమే కావచ్చు; హ్యూస్టన్ వాడుకలో మాత్రం పొడుగ్గా, నిండుగా ఉన్న స్త్రీని అలా అంటారు, ఈమె అయిదడుగుల పది అంగుళాలు. పేరును అలాగే ఉంచి అర్థం ఒకసారి చెబితే చాలు. పాటల చరణాలను తెలుగు చేయబోయిన పేజీలు కూడా పూర్తిగా తీసెయ్యమంటాను. ఆ పచ్చితనాన్ని తెలుగులో ఉంచితే బూతుగా తోస్తుంది, చెరిపేస్తే అబద్ధమవుతుంది. దానికి బదులు ఆ పనితనాన్ని వర్ణించు: ఊపిరి తీసుకునే చోటు వినబడనివ్వకుండా పాదం మీద పాదం ఎలా పేరుస్తుందో, అంత్యప్రాసను ఎన్ని పాదాలదాకా లాగి ఎక్కడ తెంపుతుందో, నాలుక చాపి చేసే ఆ కూతను నామముద్రలా ఎక్కడ వేస్తుందో. టెక్సస్‌కే చెందిన పింప్ సీ అనే ర్యాపర్‌ను వింటూ పెరిగింది. అతడి మారుపేరు టోనీ స్నో కాబట్టే 2018లో తాను ‘టీనా స్నో’ అయింది. గురువు ముద్రను శిష్యురాలు తిరగేసి తనదిగా వేసుకోవడం మన పదకర్తల సంప్రదాయం తెలిసినవారికి వెంటనే అందుతుంది.

చివరి పేజీలో ఆమెను “మరో లారిన్ హిల్” అన్నావు. ఉత్తమ నూతన కళాకారిణి గ్రామీని 1999లో లారిన్ హిల్ అందుకున్నాక, మరొక స్త్రీ ర్యాపర్‌కు అది దక్కింది 2021లో మేగన్‌కే. ఆ 22 ఏళ్ల ఖాళీ రాయదగినదే. కానీ పోలిక అక్కడితో ఆపు. లారిన్ హిల్‌ను కూడా లోకం ఎక్కి దిగినదానిగానే చెప్పుకుంటుంది: ఒకే రాత్రి అయిదు గ్రామీలు, ఆ తరువాత మరో స్టూడియో ఆల్బమ్ రాలేదు, పన్ను పత్రాలు దాఖలు చేయనందుకు 2013లో మూడు నెలల జైలు. ఆ గ్రామీలు తెచ్చిన ఆల్బమ్ తయారీలో తమ పాలు గుర్తించలేదని నలుగురు సంగీతకారులు 1998లోనే దావా వేశారన్నది, అంటే చిక్కు కీర్తితో పాటే మొదలైందన్నది, చాలామందికి గుర్తుండదు.

మిగిలినవి చిన్నవి. టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయం నుంచి హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ పుచ్చుకున్నది 2021 డిసెంబరులో, అంటే గ్రామీల తరువాత, కోర్టు వివాదాల నడుమ. నువ్వు దాన్ని ‘బాల్యం, చదువు’ కింద పెట్టావు, మార్చు. ఇరవై ఒకటి నిండేదాకా పాటలు బయటపెట్టొద్దని తల్లి ఆపిన కథ బాగా రాశావు, దాన్ని ముట్టుకోకు. ఆ తల్లి పేరు మాత్రం పద్నాలుగో పేజీలో ‘హోలీ’ అని, పదహారో పేజీలో ‘హాలీ’ అని ఉంది. రెండోదే ఉంచు, కూతురిని వెంటబెట్టుకొని స్టూడియోకు వెళ్లి ర్యాప్ పాడుకున్న రోజుల్లో ఆవిడ తనకు తాను పెట్టుకున్న పేరు ‘హాలీ-వుడ్’.

ఆశీస్సులతో.